తడి వేరు, పొడి వేరు

ఆ పొద్దున కాలవ గట్టు మీద మేమందరం నిలబడి చూస్తూనే ఉన్నాం. కొత్త లారీ వెనక తలుపు పైకి లేచింది. మా తోపుడు బండ్లలోంచి ఆకుపచ్చ డబ్బాలు తీసి అందులో కుమ్మరించారు. ఆ వెంటనే నీలం డబ్బాలు తీసి దాని మీదే కుమ్మరించారు. చద్దన్నం, కూరగాయల తొక్కలు, పాల ప్యాకెట్లు, అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, పిల్లల నోటు పుస్తకాలు అన్నీ కలిసి ఒక ముద్దయ్యాయి. లోపలి ఇనప పలక కదిలి ఆ ముద్దని నొక్కింది. నల్లటి నీళ్ళు రోడ్డు మీదికి కారాయి.

తెల్లవారుజామున లేచి, విజిల్ ఊదుకుంటూ గుమ్మం గుమ్మానికీ పోయి, "తడి చెత్త వేరే, పొడి చెత్త వేరే ఇవ్వండమ్మా" అని బతిమాలుకుని తెచ్చిన చెత్త అది. వేరు చెయ్యనివాళ్ళది మా చేతుల్తో మేమే ఏరి వేరు చేసి తెచ్చాం.

"ఏంది కిరీటీ? కలిపేత్తన్నారేంది?" అని మా అత్త అమలమ్మ అడిగింది.

కిరీటి మా మేస్త్రీ. మొన్నటిదాకా మునిసిపాలిటీ మనిషి, ఇప్పుడు కాంట్రాక్టరు మనిషి. ఫోను మీంచి తల ఎత్తలేదు.

"కలిపితే నీకేం పోయింది అమలమ్మా? బండి ఇక్కడిదాకా తేవటం వరకే మీ పని. తెచ్చారుగా, పోండి."

"షెడ్డుకి పోవాలి గదయ్యా ఇది!"

"షెడ్డుకి తాళం పడింది. కొత్త ప్లాను వచ్చింది. ఇక నుంచి అంతా లారీలోకే."

"ఎవురేశారంట ఆ ప్లాను? ఎప్పుడన్నా చీపురు పట్టుకున్నాడా ఆడు?" అంది తెరేసమ్మ. తెరేసమ్మ మా వీధి మనిషే, నోరు ఊరుకోదు. ఆడవాళ్ళు నవ్వారు. కిరీటి కూడా నవ్వాడు. లారీ వెళ్ళిపోయింది.

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని వస్తే కంకిపాడు చేరకముందే మా లంకపేట తగులుతుంది. ఒకప్పుడు అంతా చెరుకూ అరటీ. ఇప్పుడు అపార్టుమెంట్లు. మనుషులొచ్చారు, వెనకే చెత్త వచ్చింది, మునిసిపాలిటీ అయింది. రైతు బజారు వెనక షెడ్డు కట్టారు. తడి చెత్త అక్కడి తొట్లలో ఎరువయ్యేది, అరటి రైతులు పట్టుకుపోయేవారు. పొడి చెత్త మేం రకాలుగా ఏరి మూటలు కట్టేవాళ్ళం, ఫ్యాక్టరీలకి పోయేది. షెడ్డు నడిచినన్నాళ్ళూ ఊళ్ళో కాల్చడానికి ఏమీ మిగిలేది కాదు.

కొత్త కాంట్రాక్టరు రామకోటేశ్వరరావుకి బరువును బట్టి బిల్లు. షెడ్డుకి పోయే చెత్త ఆయన లారీ ఎక్కదు. అందుకే షెడ్డుకి తాళం. ఎత్తిన ముద్దంతా ఎక్కడ పొయ్యాలి? మా లూర్దు కాలనీ పక్కన మునిసిపాలిటీ ఖాళీ స్థలం ఉంది. అక్కడ పోశారు. గుట్ట పెరిగితే చోటు చాలదు. కాబట్టి తగలబెట్టారు.

లూర్దు కాలనీలో ఉండేది మేమే. ఊరిని ఊడ్చేవాళ్ళం.

మా పాప చిన్నికి ఇంకా మాటలు రాలేదు. నడుస్తుంది, పడుతుంది, లేస్తుంది. పొగ మొదలైన దగ్గర్నుంచి నడవడం మానేసింది. ఛాతీలో పిల్లికూతలు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయి బయటికి వచ్చేది. గవర్నమెంటు ఆసుపత్రిలో మూతికి తొడుగు పెట్టి ఆవిరి పట్టేవాళ్ళు. కూతలు తగ్గేవి. ఇంటికి తెచ్చేవాళ్ళం. ఇంటి ముందు పొగ ఉండేది. డాక్టరమ్మ మొదటిసారి జాలిగా చూసింది. తర్వాత తర్వాత, "పొగలో ఉంచొద్దని చెప్పానా లేదా?" అని కేకలేసింది. చెప్పింది. నేను తల ఊపాను. ఏడుపేమీ రాలేదు. ఆవిరి పట్టే మిషను చప్పుడు వింటూ కూర్చునేదాన్ని, అది ఆగిపోతే ఏమవుతుందోనని.

*

కొత్త ప్లాను గురించి ప్రజల అభిప్రాయం తీసుకుంటామని మునిసిపాలిటీ మీటింగు పెట్టింది. పారిశుధ్య కార్మికులు కూడా రావాలన్నారు. యూనిఫాంలో రమ్మన్నారు. వెళ్ళాం. వెనక వరసల్లో కూర్చోబెట్టారు.

గోడ మీద బొమ్మలు వేసి హర్షవర్ధన్ అనే అబ్బాయి వివరించాడు. ప్లాను రాసిన కంపెనీ తరఫున వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, మమ్మల్ని కూడా అండీ అన్నాడు. చెత్త తగ్గించాలి, ఉన్నదాన్ని మళ్ళీ వాడాలి, వాడలేనిదాన్ని కొత్త వస్తువుగా మార్చాలి అన్నాడు. ఆకుపచ్చ బాణాలు గుండ్రంగా తిరిగాయి. తర్వాత ఒక ఫొటో వచ్చింది. గ్లవ్సు వేసుకుని సీసాలు ఏరుతున్న ఒక మనిషి. మా అత్త.

"అత్తా, నువ్వే!" అన్నాను.

"అది మన షెడ్డే!" తెరేసమ్మ లేచి నిలబడింది. "బాబూ, ఆ షెడ్డుకి తాళమేసుంది. ఆ బొమ్మ చూపించేది పక్కనబెట్టి తాళం తియ్యమని చెప్పు."

హాలంతా నవ్వారు. హర్షవర్ధన్ కమిషనర్ గారి వైపు చూశాడు. కమిషనర్ గారు మైకు దగ్గరికి జరుపుకున్నారు. "అది ప్రయోగాత్మకంగా చేసిందమ్మా. ఇప్పుడు పెద్ద ఎత్తున చేస్తున్నాం. కొంత సమయం పడుతుంది."

ముందు వరసలోంచి రామకోటేశ్వరరావు వెనక్కి తిరిగాడు. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. "మీ కష్టం తగ్గిద్దామనే గదమ్మా మిషన్లు తెచ్చింది. చేతుల్తో చెత్త ఏరుకునే బతుకు ఇంకా ఎన్నాళ్ళు మీకు?"

"ఏరటం మాకు కష్టంగా ఉందని నీకు చెప్పామా అయ్యా?" అని మా అత్త అడిగింది. "నువ్వు కలిపిందాన్ని పీలుస్తన్నాం, అదీ కష్టం."

మైకు నా దగ్గరికి వచ్చింది. ఎవరిచ్చారో తెలియదు. లేచాను. అందరూ తిరిగి చూశారు. "పొగండీ..." అన్నాను. "మా పాపకి..." అంతే, తర్వాత మాట రాలేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి నలుగురిలో నిలబడి మాట్లాడిందే లేదు.

"హెల్త్ క్యాంపు పెట్టిద్దాం. రాసుకోండి," అని కమిషనర్ గారు పక్కనున్న ఆయనకి చెప్పారు. ఆయన రాసుకున్నాడు. ప్లాను ఆమోదం పొందిందని చప్పట్లు కొట్టారు. మాలో కూడా కొందరు కొట్టారు. అందరూ కొడుతున్నారని.

*

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గుడి ఆవరణలోనే కూర్చున్నాం. విజయవాడ నుంచి యూనియన్ డేనియల్ వచ్చాడు. మోటారు సైకిల్ దిగకుండానే, "ఏం చేద్దామనుకుంటున్నారు?" అన్నాడు.

"లారీని తగలెడదాం!" అని మగపిల్లలు అరిచారు.

"తగలెట్టండి," అంది తెరేసమ్మ. "ఆ పొగా మన ఇళ్ళల్లోకే వచ్చుద్ది."

మళ్ళీ నవ్వులు. కానీ అందరం కాంట్రాక్టు మనుషులమే. కిరీటి రేపు రావద్దంటే రేపటి నుంచి పని లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

మా ఆయన అంతోని గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆ లారీ తోలేది ఆయనే. "సమ్మె అంటే ముందు ఆగేది నా బండి," అన్నాడు. "నా నౌకరీ పోద్ది. మీరంతా మళ్ళీ చీపుర్లు పట్టుకుంటారు. నన్ను మళ్ళీ స్టీరింగు పట్టుకోనిచ్చేదెవరు?"

"నీ కూతురు కూతలు నీకు ఇనపడట్లేదంట్రా?" మా అత్త కొడుకుని అందరి ముందూ అడిగింది.

"ఇనపడతన్నయ్యే! నాకు చెవుల్లేవా?" అంతోని అరిచాడు. "ఆవిరికీ మందులకీ నా జీతమే గదా పోయేది! అది ఆగితే ఏం బెట్టి పట్టిత్తావ్ ఆవిరి?"

ఆయన చెప్పింది నిజమే, ఆమె అడిగిందీ నిజమే. చిన్ని నా భుజం మీద కూతలు పెడుతూ నిద్రపోతోంది.

డేనియల్ అప్పుడు దిగాడు. "అన్నా, నువ్వు తోలు. నిన్నేమీ అనం. బండి నింపేవాళ్ళు నింపటం మానేస్తారు. ఖాళీ బండి ఎంతసేపు తోలతావో తోలు." ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "కలపడం ఆపాలి, షెడ్డు తెరవాలి, కాలనీ పక్క గుట్ట తియ్యాలి. ఇది ఒకటే మాట. ఒప్పుకునేదాకా చీపురు ముట్టుకోం. చేతులెత్తండి."

చేతులు మెల్లగా లేచాయి. నా చెయ్యి కూడా లేచింది. అంతోని చూడలేదు, నేల చూస్తున్నాడు.

*

రైతు బజారు మలుపులో గుడారం వేశాం. అట్టల మీద నినాదాలు నేనే రాశాను. మొదటి రోజు బాగా అరిచాం. కాలేజీ పిల్లలు వచ్చి కాసేపు కూర్చున్నారు. సాయంత్రానికి ఊరు కంపు కొట్టడం మొదలైంది. డేనియల్ సంతోషంగా ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు ఏం జరిగిందో చెప్పాలి. ఇది మాకు తప్ప ఇంకెవరికీ జరగదు.

రోజూ లేచే వేళకే మెలకువ వచ్చింది. ఎవరూ పిలవకుండానే అందరం గుడారానికి వచ్చాం. ఇంకా చీకటి విడవలేదు. ఏం చెయ్యాలో తెలియలేదు. గుడారం చుట్టూ రాత్రి గాలికి ఎగిరొచ్చిన కవర్లు, కుళ్ళిన టమాటాలు, ఎవరో పారేసిన ఇడ్లీ పొట్లాలు. తెరేసమ్మ చీపురు తీసుకుని కూర్చునే చోటు వరకూ ఊడ్చింది. ఆ పక్కది నేను ఊడ్చాను. నా పక్కది ఇంకొకరు. ఎవరు రోజూ ఊడ్చే బీటు వైపు వాళ్ళు తిరిగారు. తల వంచుకుని ఊడుస్తూ పోతే చేతులకి తెలియదు ఎక్కడ ఆగాలో. తెల్లారేసరికి రైతు బజారు నుంచి బందరు రోడ్డు దాకా అద్దంలా ఉంది. తడి ఒక పక్క, పొడి ఒక పక్క కుప్పలు కూడా పెట్టేశాం.

కిరీటి ఫోను ఎత్తి నవ్వుతూ ఫొటోలు తీస్తుంటే అప్పుడు చూశాం, మేం ఏం చేశామో.

పొద్దెక్కేసరికి ఆ ఫొటోలు ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. 'లంకపేటలో సమ్మె విరమణ. విధుల్లో చేరిన పారిశుధ్య కార్మికులు.' కాలేజీ పిల్లలు రాలేదు. పూల కొట్టు ఆయన, "మరి నిన్న అంత అరిచారేంటమ్మా?" అన్నాడు.

డేనియల్ వచ్చి బండి స్టాండు కూడా వెయ్యలేదు. "సమ్మె చేస్తా ఊడుస్తారంటే ఎవరన్నా? నా సర్వీసులో చూడలేదు! మీ చేతులు కట్టెయ్యాలా?"

"అరవమాక," అంది మా అత్త. "కూర్చునే చోట చెత్తుంటే ఎట్టా కూర్చుంటాంరా?"

"సమ్మె అంటే అదేనే పిన్నీ! చెత్త ఉండాలి! జనానికి కంపు కొట్టాలి!"

"కంపు జనానికి గాదురా, ముందు మనకి," అంది తెరేసమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొందరు ఇంటికి పోదామని లేచారు. సమ్మె అయిపోయినట్టే ఉంది. నాకు బాధ అనిపించలేదు. చిన్నికి ఆవిరి పట్టే టైమైందని మాత్రం అనిపించింది.

మా అత్త ఆ కుప్పల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత కొంగు దులుపుకుని లేచింది.

"పన్లో చేరామని వాళ్ళే రాశారుగా?"

"రాశారు."

"అయితే చేద్దాం. ఊడుద్దాం. ఇళ్ళకి పోయి తెద్దాం. ఏరదాం. లారీకి మాత్రం ఇవ్వొద్దు. షెడ్డుకి తీసుకుపోదాం. పన్జెయ్యట్లేదని ఏ ముఖం బెట్టుకుని అంటారో చూత్తా."

డేనియల్ షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "షెడ్డుకి తాళం ఉంది పిన్నీ."

"తాళం ఉండేది తలుపుకి. బండ్లుండయ్ మనకి."

బండ్లు వరసగా పెట్టి తోశాం. రేకు తలుపు తాళంతో సహా లోపలికి ఒరిగింది. లోపల తొట్లలో ఎరువు ఎండి పగుళ్ళు తేలి ఉంది. నీళ్ళు చల్లి, కొత్త తడి చెత్త పోశాం. పొడి ఏరి మూటలు కట్టాం. సాయంత్రం, మా బండి చేరని అపార్టుమెంటు నుంచి ఒక ముసలావిడ రెండు బకెట్లు పట్టుకుని మమ్మల్ని తిట్టుకుంటూ వచ్చింది. "ఈ వయసులో నన్ను ఇంతదూరం నడిపించారు," అంది. వేరు చేసే తెచ్చింది.

మర్నాడు మా వైపు వార్డుల్లో లారీకి ఒక్క డబ్బా దొరకలేదు. కానీ రోడ్డుకి అవతలి వార్డుల్లో ఊడ్చేవాళ్ళు ఇంకా మాతో కలవలేదు. అక్కడి ముద్దతో లారీ నిండింది. నిండిన లారీ కాలనీ గుట్ట దగ్గరికి వచ్చింది. మేం దారికి అడ్డంగా కూర్చున్నాం. స్టీరింగు ముందు అంతోని. అద్దంలోంచి తల్లిని చూశాడు, నన్ను చూశాడు, ఇంజను ఆపి కళ్ళు మూసుకున్నాడు.

పోలీసులొచ్చారు. షెడ్డు తలుపు పగలగొట్టారు, ప్రభుత్వ పనికి అడ్డం పడ్డారు అని కేసు. మా అత్తని, తెరేసమ్మని, ముందు వరసలో ఉన్న పెద్దవాళ్ళందర్నీ వ్యాను ఎక్కించారు. నేను చిన్నిని ఎత్తుకుని ఉన్నాను. ఎక్కబోతే ఒక లేడీ కానిస్టేబుల్ భుజం పట్టుకుని పక్కకి నెట్టింది. "చంటిపిల్లతో నువ్వెక్కడికే? ఇంటికి పో." కోపంగా అనలేదు.

వ్యాను కదులుతుంటే కిటికీ ఊచల్లోంచి మా అత్త అరిచింది. "షెడ్డు మూయమాకండే!"

*

ఆ సాయంత్రం పొగ రాలేదు. మర్నాడు కూడా రాలేదు. లారీ కాలనీ వైపు రావడమే మానేసింది.

చిన్ని కూతలు తగ్గాయి. మర్నాడు పొద్దున గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది, రెండడుగులు వేసి పడింది, లేచింది. పెద్దవాళ్ళు స్టేషన్ నుంచి సబ్‌జైలుకి పోయారని డేనియల్ చెప్పాడు. "పిన్ని ఒకటే అడిగింది, పాపకి ఎట్టా ఉందని," అన్నాడు. బాగుందని చెప్పమన్నాను. నేను సంతోషపడాలి. చిన్ని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాను, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందోనని.

అంతోని అన్నానికి వచ్చాడు. వడ్డించాను.

"లారీ ఎక్కడ పోత్తన్నావ్?" అని అడిగాను.

"అవతల."

"అవతలంటే?"

"ఏటిపాలెం. కాలవ గట్టున." కంచంలోకి చూస్తూ అన్నాడు. "అక్కడ అడిగేవాళ్ళు లేరని పొయ్యమన్నారు. నిన్నట్నించి కాంట్రాక్టరు మనుషులే తగలెడతన్నారు."

ఏటిపాలెం కంకిపాడు దాటాక, పొలాల్లోకి ఉంటుంది. చిన్న ఊరు. నేనెప్పుడూ చూడలేదు. చారు పోశాను. ఇంకేమీ అడగలేదు. చిన్ని నిద్రలో ఉంది, చప్పుడు లేకుండా.

ఎవరికీ చెప్పలేదు.

*

మరుసటి పొద్దున మేం షెడ్డు దగ్గర బండ్లు తీస్తుంటే ఆటోలు వరసగా వచ్చి ఆగాయి. వాటి నిండా ఆడవాళ్ళు. నేత చీరలు, నెత్తిన తువ్వాళ్ళు, పొలం పనికి వచ్చినట్టు వచ్చారు. కిరీటి ముందు ఆటోలోంచి దూకాడు.

"దిగండి దిగండి. ఆ బండ్లు తీసుకోండి. తెచ్చింది తెచ్చినట్టు లారీలో పొయ్యటమే. ఏరేదేమీ లేదు, హాయి."

మావాళ్ళు ఒక్కసారిగా మీద పడ్డారు. "మా నోటికాడ కూడు లాక్కోటానికి వచ్చారంటే!" "మావాళ్ళు జైల్లో ఉంటే మీరు బండ్లు పట్టుకుంటారా? సిగ్గు లేదూ?"

ముందున్న ఆవిడ దిగింది. వయసు మళ్ళిన మనిషి, చేతులు కర్రల్లా ఉన్నాయి. పేరు రావమ్మ అని తర్వాత తెలిసింది. "ఎవత్తెకే సిగ్గు లేంది?" అని గట్టిగానే తిరగబడింది. "కోత మిషన్లొచ్చినాక పొలంలో పనేడుంది? నాట్లు కూడా మిషన్లే. పని ఉందని పిలిత్తే వచ్చాం. మీ గొడవలు మాకేం దెలుసు?"

"ఏ ఊరు మీది?"

"ఏటిపాలెం."

నా చేతిలో బండి పిడి ఉంది. దాన్ని పట్టుకునే నిలబడ్డాను.

రావమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎర్రగా ఉన్నాయి. "ఇంట్లో కూడా ఉండబుద్ధి గావట్లేదు. మొన్నట్నించీ మా గట్టు మీద ఎవురో ఏందో తగలెడతన్నారు. ఒకటే పొగ. మా మనవడు రాత్రంతా దగ్గి దగ్గి తెల్లారగట్ల పడుకున్నాడు." వెనక ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు కూడా దగ్గారు.

మావాళ్ళలో ఎవరికీ అర్థం కాలేదు. నాకొక్కదానికే అర్థమైంది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. లారీ ఏటిపాలెమే పోతుంది. చెబితే వాళ్ళు అడ్డం పడతారు. అది మళ్ళీ మా కాలనీకి వస్తుంది. చిన్ని మళ్ళీ గుమ్మం పట్టుకుని లేవదు. మెదడు చాలా తేలిగ్గా ఇదంతా చూపించింది.

"ఎంత వయసు?" అని అడిగాను.

"ఎవురికి?"

"మీ మనవడికి."

"ఇంకా పాలు తాగుతన్నాడు."

"అది మా ఊరి చెత్త," అన్నాను. "మా ఆయనే తోలుతున్నాడు లారీ."

మావాళ్ళలో ఒకామె నా జబ్బ గిల్లింది. "నోరు మూసుకో జెస్సికా! మళ్ళీ మన మీదికే వచ్చుద్ది!" కిరీటి, "ఏయ్, ఏం వాగుతున్నావ్?" అంటూ ముందుకొచ్చాడు.

రావమ్మ అతన్ని చేత్తో పక్కకి జరిపింది, పొలంలో దూడని జరిపినట్టు. నా ముందుకొచ్చి నిలబడింది. "మీ కాడ ఆపి మా మీదికి తోలారా?"

"మేం తోలలేదు. ఆపాం. ఆపితే అది మీ కాడికి వచ్చింది."

"రెండూ ఒకటేగా!"

"మాకు తెలీదమ్మా..." అంది మా వెనకనుంచి ఎవరో.

"నాకు తెలుసు," అన్నాను. "నిన్న తెలిసింది."

రావమ్మ కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనిపించింది. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇయ్యాళ చెప్పావుగా," అంది. "మేం ఆపితే యాడికి పోద్ది?"

"ఇంకో ఊరికి."

"వాళ్ళు ఆపితే?"

"మా కాలనీకి."

"మరేందే దీనికి మందు?"

మీటింగులో రాని మాటలు అప్పుడు వచ్చాయి. పెద్ద మాటలేం కాదు. తొట్టి దగ్గరికి తీసుకుపోయి ఎరువు చేతిలో పోశాను. మూటలు చూపించాను. "ఇది ఇది. అది అది. కలిపితేనే చెత్త, కలిపితేనే పొగ. కలపకపోతే పోయడానికీ ఏమీ ఉండదు, కాల్చడానికీ ఏమీ ఉండదు. అందుకే కాంట్రాక్టరు ఈ తలుపు మూశాడు. అందుకే మిమ్మల్ని తెచ్చాడు. కలపడానికి."

రావమ్మ ఎరువు వాసన చూసింది. రైతు కూలీ మనిషి, ఆమెకి నేను చెప్పాల్సిందేమీ లేదు. చేతులు దులుపుకుంది.

"లారీ ఏ వేళప్పుడు వచ్చుద్ది మా గట్టుకి?"

"ఇంకాసేపట్లో."

ఆమె తమవాళ్ళ వైపు తిరిగింది. "ఎక్కండే ఆటోలు!" మళ్ళీ మా వైపు చూసింది. "మీరేం బొమ్మలా? ఎక్కండి!"

షెడ్డులో సగం మందిని ఉంచాం. మిగతావాళ్ళం ఇరుక్కుని ఎక్కాం. కిరీటి ఆటోకి అడ్డం వచ్చాడు. "ఈ ఆటోలు మేం మాట్లాడినవి! ఎవరెక్కమన్నారు?"

"దింపమన్నారు, దింపా," అన్నాడు ఆటో అతను. అతనిదీ ఏటిపాలెమే. "ఇప్పుడు ఎక్కారు. జరుగు సార్."

ఎక్కేముందు, షెడ్డులో ఆడుకుంటున్న చిన్నిని అక్కడే ఉండిపోయే పక్కింటి ముసలామె చేతికి ఇచ్చాను. నా కొంగు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. అది ఏడుస్తుంటే గొంతులో కూత ఉందా లేదా అని చెవి పెట్టి విన్నాను. లేదు. ఇంకా లేదు.

ఏటిపాలెం గట్టు మీద గుట్ట నెమ్మదిగా పొగ తీస్తోంది. కాలవ నీళ్ళ మీద కవర్లు తేలుతున్నాయి. కింద పొలాల్లో మినుము. గుట్ట నిండా మా ఊరి పాల ప్యాకెట్లు, మా ఊరి బట్టల కొట్టు సంచులు. రావమ్మ కేకేస్తే ఊళ్ళోంచి ఇంకా జనం వచ్చారు, మగవాళ్ళు, బడికి పోవాల్సిన పిల్లలు, చంకన మనవణ్ణి ఎత్తుకున్న రావమ్మ కోడలు. వాడు దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు తెలుసు. నేను వాడి వైపు చూడలేదు.

గట్టుకి అడ్డంగా కూర్చున్నాం. ఏటిపాలెం వాళ్ళూ లంకపేట వాళ్ళూ కలిసిపోయారు. రావమ్మ నా పక్కన కూర్చుంది.

"పోలీసులొత్తే ఏం జెయ్యాల?"

"పేరు అడుగుతారు. చెప్పాలి."

"లోపలేత్తారా?"

"వేస్తారు. మా అత్త లోపలే ఉంది."

"అన్నం బెడతారా?"

"పెడతారంట. చారు నీళ్ళలా ఉంటదంట."

"మా ఇంట్లోనూ అంతే," అంది రావమ్మ. కాళ్ళు బారజాపుకుంది.

మలుపులో లారీ కనిపించింది. దాని వెనక పోలీసు జీపు. అంతోని మమ్మల్ని దూరం నుంచే చూశాడు. హారన్ కొట్టాడు. ఆపకుండా కొట్టాడు. ఇంజను వేడి మా ముఖాలకి తగిలేదాకా లారీ వచ్చింది. పక్కనున్నవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నా చెయ్యి రావమ్మ పట్టుకుంది. నాకు భయం వెయ్యలేదు, ధైర్యమూ రాలేదు. కూర్చునే ఉన్నాను.

లారీ ఆగింది. ఇంజను ఆగలేదు.

మేం లేవలేదు.